పద్నాలుగు గంటల ఇరవై ఐదు నిమిషాలు

మా ఊరి నుంచి మా కంపెనీ విమానం నేరుగా వెళ్ళే ఆ పరాయిదేశపు ఊరికి ఎంతసేపు పడుతుందని నన్ను అడగనివాళ్ళు లేరు. మెట్ల మీద ఎదురైతే పక్కింటావిడ అడుగుతుంది. నా నోట్లో పనిముట్టు పెట్టి పళ్ళ డాక్టరు అడుగుతాడు. నేను చేసేది ఆ పనే గనుక ఠక్కున చెప్పేస్తాననుకుంటారు. దూరమైతే చెప్పగలను. పన్నెండు వేల నాలుగు వందల కిలోమీటర్లు. నేను ఉద్యోగంలో చేరిన రోజున ఎంతో ఇవాళా అంతే. సమయం అలా కాదు. ఎదురుగాలి దయతలిస్తే పదమూడు గంటలు, లేకపోతే పద్నాలుగు దాటిపోతుంది. ఈ సంగతి రెండో వాక్యానికి వచ్చేసరికి అడిగినవాళ్ళ చూపు పక్కకు పోతుంది. అందుకని ఈమధ్య "పదమూడున్నర" అనేసి ఊరుకుంటున్నాను. ఇరవై తొమ్మిదేళ్ళయింది, ఓపిక కూడా అరిగిపోతుంది మరి.

విమానం బయల్దేరేముందు అది ఏ దారిన పోవాలి, ఎంత ఎత్తున పోవాలి, ఎంత ఇంధనం పోసుకోవాలి, దానికి తగ్గట్టు ఎంత బరువు ఎక్కించాలి అని లెక్కగట్టి కాగితం తయారుచేయడం నా పని. కిటికీల్లేని హాలు, పన్నెండు బల్లలు, గోడకి వరసగా గడియారాలు. నా బల్ల మూలన ఉంటుంది. ఏసీ గాలి సరిగ్గా నా మెడ మీదే పడుతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ దాని మూతి తిప్పలేదు, నేనూ చెప్పడం మానేశాను. హాల్లో నన్ను అందరూ "ఇంకాస్తగారు" అంటారు. నిబంధన ప్రకారం పోయాల్సిన ఇంధనం అంతా పోశాక, దాని పైన ఇరవై నిమిషాలకు సరిపడా ఇంకాస్త వేయిస్తాను గనుక ఆ పేరు.

ఆ ఇరవై నిమిషాలు ఊరికే రాలేదు. చాలా ఏళ్ళ కిందట నేను లెక్క కట్టి పంపిన విమానమొకటి ఆ ఊరి మీదకి వెళ్ళేసరికి మంచు కురిసి రన్‌వే మూసేశారు. చుట్లు తిరిగి తిరిగి, పక్క ఊరికి మళ్ళి, దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. నా లెక్కలో తప్పు కూడా లేదు, అన్నీ నిబంధన ప్రకారమే ఉన్నాయి. మూడు రోజుల తర్వాత దాని కెప్టెన్ వచ్చి ఒక కాగితం నా బల్ల మీద పెట్టాడు. దిగేసరికి మిగిలిన ఇంధనం ఎంతో రాసి ఉన్న చోట వేలు పెట్టి చూపించాడు. ఒక్క మాట అనలేదు, టీ తాగడానికి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది. అప్పటి నుంచి ఇరవై నిమిషాలు అదనంగా వేస్తున్నాను. తగ్గించమని పైనుంచి ఉత్తరాలు వస్తుంటాయి, వాటికి మర్యాదగా జవాబు రాసి మళ్ళీ ఇరవై నిమిషాలే వేస్తాను.

ఇంట్లో నేనూ అక్కా ఉంటాం. అమ్మ మా చిన్నప్పుడే పోతే నన్నూ చెల్లినీ పెంచింది అక్కే. తను పెళ్ళి చేసుకోలేదు. చేసుకునే తీరిక మేం ఇవ్వలేదు. నాకు పెళ్ళయితే అయింది గానీ నా షిఫ్టులతో కాపురం చేయలేక ఆవిడ మూడో ఏడాదే ఓ దణ్ణం పెట్టి వెళ్ళిపోయింది, ఆవిడ తప్పేం లేదు. అక్క ముప్పై ఏళ్ళపాటు పరీక్షల ల్యాబులో రక్తం తీసే పని చేసింది. సూది గుచ్చితే చంటిపిల్లలు కూడా ఏడ్చేవారు కాదట. ఆ నేర్పు మాటలో మాత్రం లేదు. అక్క ఒక మాట అన్నదంటే అది దిగిపోయి అక్కడే ఉంటుంది.

చెల్లి ఆ ఊళ్ళో ఉంటుంది. కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పని. భర్త బడి బస్సు నడుపుతాడు. చెల్లీ అక్కా మాట్లాడుకోక పదకొండేళ్ళయింది.

మొన్న మధ్యాహ్నం రెండు గంటలకు చెల్లి భర్త ఫోన్ చేశాడు. ఆ ఊరు మాకంటే తొమ్మిది గంటలు వెనక, అంటే అక్కడ తెల్లవారుజాము ఐదు. నిద్రపట్టక చేసినట్టున్నాడు. చెల్లి తలలో గడ్డ ఉందని, ఆపరేషన్ చేస్తారని నెలరోజులుగా తెలుసు. వచ్చే వారమనుకున్నది ముందుకు జరిపారట, ఎల్లుండి పొద్దున్న ఏడింటికి. గడ్డ పెరుగుతోందట. అది మాట పుట్టే చోటుకు ఆనుకుని ఉంది గనుక, బతకడానికి ఢోకా లేదు గానీ మాట ఉంటుందో పోతుందో చెప్పలేమని డాక్టరు తేల్చేశాడట. "ఎవరైనా మాట్లాడాలనుకుంటే ముందే మాట్లాడమన్నారు బావగారూ" అన్నాడు. ఎవరైనా అంటే ఎవరో ఇద్దరికీ తెలుసు.

అక్కకి చెప్పాను. బట్టలు మడతపెడుతోంది. చేతిలోది పూర్తిగా మడిచి, దొంతర మీద పెట్టి, లోపలికి వెళ్ళి బీరువా సొరుగులోంచి పాస్‌పోర్టు తెచ్చింది. అందులో ఆ దేశపు వీసా ఉంది. రెండేళ్ళ కిందటే తీసుకుందట, నాకు కూడా చెప్పకుండా. "ఎప్పుడో ఒకసారి వెళ్ళాలనుకుంటూనే ఉన్నాలే" అంది. ఫోన్ చేద్దామా అంటే వద్దంది. ఇన్నేళ్ళ తర్వాత ఫోన్లో ఏమని మొదలుపెట్టను, దాని మొహం చూస్తే ఏదో ఒకటి నోటికి వస్తుంది అంది. తర్వాత మెల్లగా, "నాన్న విషయంలో అది చేసింది తప్పే. అయినా చిన్నది. నేను మనసులోంచి తీసేశానని దాని చెయ్యి పట్టుకుని చెబుతాను" అంది.

నేను ఆ మాట విననట్టు మడత బట్టల దొంతర సర్దడం మొదలుపెట్టాను. ఎందుకో చెప్పాలంటే నాన్న పోయిన రోజు దగ్గరికి వెళ్ళాలి.

పదకొండేళ్ళ కిందట నాన్న ఒక సాయంత్రం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. చెల్లికి నేనే ఫోన్ చేశాను. అది అప్పటికప్పుడు ఇంకో కంపెనీ విమానంలో, మధ్యలో ఒకచోట మారేలా, టికెట్ కొనబోతోంది. వద్దన్నది నేను. మా కంపెనీలో మాకూ మా కుటుంబాలకూ ఒక సౌకర్యం ఉంది. విమానంలో సీట్లు మిగిలితే ఎక్కించుకుంటారు, లేకపోతే లేదు. మా హాల్లో ఎవరూ టికెట్ కొనరు, కొంటే తోటివాళ్ళు నవ్వుతారు. తెర మీద చూసుకుని ఖాళీలున్న రోజున బయల్దేరడం మా అలవాటు. ఆ రోజు పద్దెనిమిది సీట్లు ఖాళీ కనిపించాయి. "నేను చూస్తున్నాగా, నేరుగా వచ్చెయ్, మధ్యలో మారడం ఎందుకు" అన్నాను. గొప్ప చూపించుకోవాలని కాదు, నిజంగానే అది తొందరగా వస్తుందనుకున్నాను. తీరా చూస్తే ఆ ఊరి నుంచి ఇంకో విమానం రద్దయింది. దాని ప్రయాణికులందరినీ మా దానిలో సర్దారు. చెల్లి పెట్టె పట్టుకుని గేటు దగ్గరే నిలబడిపోయింది. ఆ పాటికి తను కొనబోయిన విమానం కూడా వెళ్ళిపోయింది. ఇక్కడికి చేరేసరికి అంతా అయిపోయింది. ఆఖరిచూపు దక్కలేదు.

గుమ్మంలో దాన్ని చూడగానే, ఇంటినిండా జనం ఉండగా అక్క అంది, "రావాలనుకున్నదానికి దూరం ఒక లెక్కా. టికెట్ దొరకలేదట. కన్నతండ్రికి." చెల్లి నా వైపు చూసింది. ఒక్కసారే చూసింది. నేను చెప్పుల స్టాండు వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ క్షణంలో నోరు తెరిస్తే సరిపోయేది. తర్వాత చెబుదాం, జనం వెళ్ళాక చెబుదాం అనుకున్నాను. జనం వెళ్ళారు. మూడో రోజున చెల్లీ వెళ్ళిపోయింది. నెల గడిచాక చెప్పడం మొదటి రోజుకంటే కష్టమైంది, ఏడాది గడిచాక ఇక ఆ ఊసే ఎత్తలేదు. చెల్లి నాకు నెలనెలా ఫోన్ చేస్తుంది. ఒక్కసారి కూడా ఆ మాట తీయలేదు. అక్క ఎలా ఉందని అడుగుతుంది, మోకాళ్ళకి ఏం రాస్తోందని అడుగుతుంది.

అయినా నాకు బుద్ధి రాలేదు. మొన్న సాయంత్రం ఎనిమిదింటికి మధ్యలో మారి వెళ్ళే విమానం ఒకటుంది, ఇరవై రెండు గంటలు పడుతుంది. టికెట్లు కూడా ఉన్నాయి. కొందామా అని అక్క అడిగింది. నేను అలవాటు ప్రకారం తెర చూశాను. మర్నాడు పదకొండు గంటల మా విమానంలో ముప్పై ఒక్క సీట్లు ఖాళీగా ఉన్నాయి. చలికాలంలో బరువు సమస్య వస్తుందని అమ్మకుండా ఆపినవి అవి. గాలి అంచనా మామూలుగానే ఉంది. నీ మోకాళ్ళతో పరాయి ఊళ్ళో ఏడు గంటలు కుర్చీలో ఎలా కూర్చుంటావు, నేరుగా వెళ్ళు, అక్కడ సాయంత్రం నాలుగింటికల్లా దిగుతావు, ఆపరేషన్‌కి ఇంకా ఒక రాత్రంతా ఉంటుంది అని చెప్పాను. అక్క నా మాట నమ్మింది. ఈ విషయాల్లో అక్క ఎప్పుడూ నా మాటే నమ్ముతుంది.

నిన్న ఆరింటికి డ్యూటీలో కూర్చున్నాను. కొత్త గాలి అంచనా తెరిచి చూశాను. దారి పొడుగునా ఎదురుగాలి. పైన ఎగిరినా కిందుగా ఎగిరినా, ఉత్తరం నుంచి చుట్టుతిప్పినా, ఏ దారి వేసినా పద్నాలుగు గంటల ఇరవై నిమిషాలకు తక్కువ రావడం లేదు. ఆరు దారులు వేసి చూశాను. మామూలు రోజున రెండు వేస్తాను. అన్నిటిలోకీ మెరుగైనది పద్నాలుగు గంటల ఇరవై ఐదు నిమిషాలు తేలింది. దానికంటే ఐదు నిమిషాలు తక్కువ వచ్చిన దారిలో కుదుపులు ఎక్కువ, దాన్ని ఎవరికీ ఇవ్వలేం.

గంట ఎక్కువ ఎగరాలంటే ఆ గంటకి సరిపడా ఇంధనం మోయాలి, ఆ ఇంధనాన్ని మోయడానికి ఇంకొంత ఇంధనం కాలుతుంది. విమానం లేవగలిగే బరువుకు హద్దు ఉంది. ఇంధనం పెరిగితే ఇంకేదో దిగాలి. మందుల పెట్టెలు తప్ప సరుకంతా దించేశాం. టికెట్ కొన్నవాళ్ళ జోలికి పోం. ఆ తర్వాత మిగిలిన బరువులో, మిగిలిన సీట్ల కోసం కాచుకున్న మా కంపెనీవాళ్ళలో నలుగురికే చోటుంది. కాచుకున్నది పద్నాలుగు మంది. ఉద్యోగం చేసేవాళ్ళు ముందు, వాళ్ళ బంధువులు తర్వాత. జాబితాలో అక్కది తొమ్మిదో పేరు.

నా ఇరవై నిమిషాలు తీసేస్తే రెండు వేల కిలోలు మిగులుతాయి. పద్నాలుగు మందీ ఎక్కేస్తారు.

తీశాను. దాచడం ఎందుకు, తీసి చూశాను. తెర మీద అన్నీ సరిపోయాయి, ఒక్క గడి కూడా ఎర్రగా లేదు. పై అధికారులు చూస్తే సంతోషించేవారు. అది తప్పు కూడా కాదు, పక్క బల్లాయన రోజూ అలాగే పంపుతాడు, ఆయన విమానాలు క్షేమంగానే దిగుతాయి. అక్క చెల్లి దగ్గరికి వెళుతుంది. చెయ్యి పట్టుకుని, నిన్ను క్షమించాను అంటుంది. చెల్లి సరేనంటుంది, అలాంటి మనిషి అది. చేయని తప్పుకి క్షమ కూడా తీసుకుంటుంది. నేను ఈ కుర్చీలో హాయిగా కూర్చుంటాను. అంతా సర్దుకుంటుంది, ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ ఊళ్ళో సాయంత్రం మంచు పడొచ్చని అంచనా ఉంది. పడకపోవచ్చు కూడా. ఇంకెవరో కాచుకుని ఉంటే ఆ ఇరవై నిమిషాలు తీసేవాడినా అని నన్ను నేను అడుక్కున్నాను. తీసేవాడిని కాదు. మూడు వందల మందిని ఎక్కించిన విమానం అది, అక్క ఒక్కతే కాదు. మళ్ళీ పెట్టేశాను. ముందే చెప్పేస్తాను, ఆ సాయంత్రం అక్కడ మంచు పడలేదు. నా ఇరవై నిమిషాల ఇంధనం చుక్క కదలకుండా ట్యాంకులోనే ఉండిపోయింది. తొంభై తొమ్మిదిసార్లు జరిగేది అదే, నాకు తెలుసు.

ఆ విమానం నడిపే పెద్ద కెప్టెన్ ఫోన్లో కాగితం సరిచూసుకున్నాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ మనిషి, నా పేరు ఉంటే పెద్దగా తరచి చూడడు. "ఇంకాస్తగారూ, ఇవాళ కూడా ఉందా ఇరవై?" అని అడిగాడు. ఉందండి అన్నాను. "మంచిది, ఉండనివ్వండి" అన్నాడు. మా అక్క ఆ విమానం కోసమే గేటు దగ్గర కూర్చుని ఉందని ఆయనకి చెప్పలేదు. చెబితే ఆయన ఏమంటాడో అని భయం.

పదిగంటలకి పక్క బల్లాయనకి అప్పజెప్పి గేటు దగ్గరికి వెళ్ళాను. అక్క కిటికీ పక్కన వరస చివరి కుర్చీలో కూర్చుంది. పెట్టె మోకాళ్ళకి ఆనించి ఉంది, కాళ్ళకి కొత్త బూట్లు. నేను దగ్గరికి రాకముందే నా నడకలో కనిపెట్టేసింది. లేదా అని అడిగింది. లేదని చెప్పాను. గాలి సంగతి, బరువు సంగతి చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టింది. కాసేపు విమానం వైపు చూసింది. దాని పొట్ట కింద ఇంధనం గొట్టం తగిలించి ఉంది.

"రేపటి దానికి?" అంది.

రేపటిది దిగేసరికి ఆపరేషన్ మొదలై తొమ్మిది గంటలవుతుందని చెప్పాను. ఇవాళ సాయంత్రం ఎనిమిదింటిది, మధ్యలో మారేది, అక్కడ పొద్దున్న తొమ్మిదింటికి దిగుతుంది. ఏడింటికే లోపలికి తీసుకెళతారు. ఇంకే దారీ లేదా అని అడిగితే ఇరవై తొమ్మిదేళ్ళ అనుభవం మొత్తం కూడదీసుకుని లేదని చెప్పాను. అక్క తల ఊపింది. ఇంటికి పద, ఆటో ఎక్కిస్తానంటే వద్దంది, నీ డ్యూటీ అయ్యేదాకా ఇక్కడే ఉంటానంది. నేను వెనక్కి వచ్చి మిగిలిన నాలుగు విమానాలకీ లెక్కలు కట్టాను. చేతులు వాటి పని అవి చేశాయి.

రెండింటికి డ్యూటీ దిగాను. అక్కని గేటు దగ్గర్నుంచి బయటికి పంపించేశారు. సామాన్ల బళ్ళు వరసగా పెట్టిన చోట, గోడ వారన ఒక బెంచీ మీద కూర్చుని ఉంది. రెండు టీలు తెచ్చాను. ఎదురుగా జనం దిగేవాళ్ళు దిగుతున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు. నా ఒంట్లో ఎంత అలసట ఉందంటే ఇంకో అబద్ధం మోసే ఓపిక కూడా లేదు. ధైర్యం వచ్చి చెప్పానని ఎవరైనా అనుకుంటే అది నిజం కాదు.

"నాన్న పోయినప్పుడూ ఇదే జరిగిందక్కా" అన్నాను.

అక్క టీ తాగుతూ ఆగింది.

"చెల్లి టికెట్ కొంటానంది. నేనే వద్దన్నాను. ఖాళీలున్నాయి, మన విమానంలో వచ్చెయ్ అన్నాను. దాన్ని ఎక్కించుకోలేదు. పొద్దున్న నువ్వు కూర్చున్నట్టే అదీ అక్కడ కూర్చుంది."

అక్క టీ కప్పు పక్కన పెట్టింది. పెట్టిన కప్పుని మళ్ళీ తీసి ఇంకొంచెం పక్కకి పెట్టింది. నేను మిగిలినది కూడా చెప్పేశాను, గుమ్మంలో చెల్లి నన్ను చూడటం, నేను చెప్పుల స్టాండు వైపు చూడటం. పొద్దున్నటి ఇరవై నిమిషాల సంగతి కూడా చెప్పాను. దాన్ని అక్క పట్టించుకున్నట్టు లేదు.

"పదకొండేళ్ళు" అంది చివరికి. గొంతు పెంచలేదు. "నా పక్కన కూర్చుని అన్నం తింటూ, నేను దాన్ని తిడుతుంటే విన్నావు."

విన్నాను. అవునన్నాను. ఇంకేమైనా అంటుందని చూశాను, తిడితే బాగుండు అనుకున్నాను. అక్క లేచి, పెట్టె లాక్కుంటూ సామాన్ల బళ్ళ దాకా వెళ్ళి, ఎక్కడికి వెళ్ళాలో తెలియనట్టు ఆగి, మళ్ళీ వచ్చి అదే బెంచీ మీద కూర్చుంది. మోకాళ్ళు పట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. అక్క ఏడవడం నేను అంతకుముందు ఒక్కసారే చూశాను, అమ్మ పోయినప్పుడు.

"ఎనిమిదింటి దానికి కొను" అంది.

"అది దిగేసరికి ఆపరేషన్ మొదలైపోతుందక్కా."

"మొదలవనీ. అది కళ్ళు తెరిచేసరికైనా ఉంటాను."

అక్కడే నిలబడి ఫోన్లో కొన్నాను. రెండు కొన్నాను, ఉద్యోగం వల్ల నా దగ్గర ఆ దేశపు వీసా ఎప్పుడూ ఉంటుంది, అక్క వద్దనలేదు. నా సెలవు కోసం ఆఫీసుకి కబురు పెట్టాను. ఉద్యోగంలో చేరాక విమానం టికెట్ కొనడం అదే మొదటిసారి. పుట్టినతేదీ దగ్గర తప్పు కొట్టి మళ్ళీ సరిచేసుకోవాల్సి వచ్చింది.

నాలుగు గంటలయింది. అక్కడ పొద్దున్న ఏడు. చెల్లి ఆసుపత్రిలో లేచి ఉంటుంది, పరీక్షలకి తీసుకెళ్ళక ముందు కాస్త తీరిక ఉంటుందని చెల్లి భర్త చెప్పాడు. అక్క నా వైపు చెయ్యి చాపింది. నంబరు నొక్కి ఇచ్చాను. ముసలి చెవులు, పైగా చుట్టూ రొద, వినపడదని స్పీకర్ పెట్టమంది. పెట్టాను. అటు మోగుతోంది. అక్క ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది.

"అన్నయ్యా" అంది చెల్లి. నా నంబరు గదా.

అక్క నోరు తెరిచింది, మాట రాలేదు. నేను చెప్పబోయాను. అక్క తల అడ్డంగా ఊపింది.

"నేనే" అంది. "అక్కని."

 ఫోన్ కట్ అయిందేమోనని చూశాను, కాలేదు. కాసేపటికి ఊపిరి వినపడింది. అక్కా, నిజంగా నువ్వేనా అంది. ఏదో బండి చక్రాల చప్పుడు దగ్గరికి వచ్చి దూరంగా పోయింది. అక్క తన మోకాలికి ఏం రాస్తోందో చెప్పి, తిండి తింటున్నావా లేదా, ఆ ఆసుపత్రివాళ్ళు రక్తం ఏ చేతికి తీస్తున్నారు, నీ ఎడమ చేతి నరం దొరకదని చెప్పావా లేదా అని ఒకదాని వెంట ఒకటి మాట్లాడేసింది. చెల్లి అన్నిటికీ ఊఁ కొట్టింది. మధ్యలో నవ్వింది కూడా. కుడి చేతికే తీశారక్కా, రెండుసార్లు గుచ్చారు, నువ్వైతే ఒక్కసారికే తీసేదానివి అంది. అప్పుడు అక్క ఆగింది.

"మీ అన్నయ్య చెప్పాడే" అంది. "అంతా చెప్పాడు. ఇప్పుడే, ఇందాక."

జవాబు కోసం ఆగకుండా అక్క మళ్ళీ అందుకుంది.

"అందరి ముందూ అంత మాట అన్నాను. నువ్వెందుకు చెప్పలేదే? వాడు చెప్పలేదు సరే, నీకేమైంది?"

"చెబితే ఏం చేసేదానివి" అంది చెల్లి. గొంతు నీరసంగా ఉంది, ఒక్కో మాటా వెతుక్కుని తెస్తున్నట్టు ఆగి ఆగి మాట్లాడుతోంది. "అన్నయ్యతో మాట్లాడటం మానేసేదానివి. నీ సంగతి నాకు తెలీదా. ఆ ఇంట్లో అన్నయ్యకి నువ్వు తప్ప ఎవరున్నారక్కా. నాకు ఇక్కడ మొగుడున్నాడు, పనుంది. ఎలాగూ దూరంగా ఉన్నాను. నీ కోపం ఎవరో ఒకరి మీద ఉండాలి గదా, నేనైతే తట్టుకుంటాలే అనుకున్నా."

నేను బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను. సిగ్గుతో తల పైకెత్తలేకపోయాను. అక్క ఫోన్‌ని నోటికి దగ్గరగా పెట్టుకుంది.

"తట్టుకున్నావా?" అని అడిగింది.

చాలాసేపు అటునుంచి మాట రాలేదు. గడ్డ వల్ల మాట దొరకడం లేదేమోనని నాకు భయమేసింది.

"లేదక్కా" అంది చెల్లి.